సిటీ క్లబ్బులో మెంబర్‌షిప్ కావాలంటే: ఒడిశా బోర్డర్ తెలుగోళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం... మన వైపు నుంచి వైజాగ్, హైదరాబాద్, కలకత్తా క్లబ్బుల్లో చేరాలనుకునేవాళ్ళు బాగా ఎక్కువయ్యారు. పిల్లలు హైదరాబాద్‌లో ఉద్యోగాలు, ఆసుపత్రి పనంటే వైజాగ్, సరుకు పనంటే కలకత్తా, ఇలగ తిరిగేవాళ్ళకి క్లబ్బు మెంబర్‌షిప్ నిజంగానే పనికొస్తాది. కానీ ఎవర్ని అడగాలో తెలీక మధ్యవర్తుల చేతుల్లో పడిపోతున్నారు, అది చూస్తే నాకు చాలా బాధేస్తాది, అందుకే పదే పదే వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. ఫీజులూ రూల్సూ క్లబ్బుకొకలాగ ఉంటాయి, మారుతుంటాయి కూడా, కాబట్టి అప్లై చేసే ముందు ఆ క్లబ్బు ఆఫీసులోనే అడిగి రూల్స్ బుక్ తీసుకుని మొత్తం చదవండి.

క్లబ్ అంటే అసలు ఏటి? మంచి హోటల్‌కి వెళ్తే సరిపోదా?

హోటల్‌కి ఓనరుంటాడు, డబ్బిచ్చిన ఎవరికైనా గది ఇస్తాడు. క్లబ్బుకి వేరే ఓనరంటూ ఎవరూ ఉండరు, మెంబర్లందరిదీను. కొన్ని క్లబ్బులు 1860 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరయ్యాయి, కొన్ని లాభం పంచుకోకూడని కంపెనీలుగా ఉన్నాయి, కంపెనీల చట్టంలో సెక్షన్ 8 అంటారు దాన్ని. జనరల్ బాడీ మీటింగ్ పెట్టి కమిటీని మెంబర్లే ఓట్లేసి ఎన్నుకుంటారు, డబ్బు మిగిలితే ఆటల కోర్టులు బాగుచేయిస్తారు, గదులు కట్టిస్తారు, అంతేగానీ ఎవరూ ఇంటికి పట్టుకుపోడానికి లేదు.

లోపల టెన్నిస్, స్విమ్మింగ్, బిలియర్డ్స్, లైబ్రరీ, పేకాట గది, బార్, డైనింగ్ హాలు, ఫంక్షన్ లాన్లు ఉంటాయి. రోజూ సాయంత్రం వెళ్ళగలిగే సిటీ వాళ్ళకి అవన్నీ ముఖ్యం. మనకి మాత్రం ముఖ్యం గదులే. వైజాగ్‌లో ఇంటి పెద్దాయనకి ఆపరేషనైతే పది రోజులు ఎక్కడుండాలి, ఎక్కడ తినాలి, ఆడవాళ్ళు ఒంటరిగా ఉండగలరా అన్నది మన బాధ. మంచి క్లబ్బులో గది దొరికితే ఆ బెంగ సగం తీరిపోతాది.

మన వాళ్ళకి ఏ ఊరి క్లబ్బు మంచిది?

ఎక్కువసార్లు ఏ ఊరు వెళ్తారో ఆ ఊరిదే. పేరు పెద్దదని చూసి చేరకండి.

రాయగడ, గుణుపురం, కోరాపుట్, జయపురం వాళ్ళకి వైజాగ్ దగ్గర. అక్కడ వాల్తేరు క్లబ్ 1883 నాటిది. హైదరాబాద్ వైపైతే నిజాం క్లబ్ 1884లో వచ్చింది, సికింద్రాబాద్ క్లబ్ దానికంటే పాతది, 1878లో పెట్టారు, మొదటి సాలార్‌జంగ్ గారి బంగ్లా అది, 2022 సంక్రాంతి సమయంలో అగ్నిప్రమాదం జరిగి పాత భవనం చాలావరకు కాలిపోయినప్పుడు మెంబర్లు కానివాళ్ళు కూడా బాధపడ్డారు. కలకత్తాలో బెంగాల్ క్లబ్ 1827, కలకత్తా క్లబ్ 1907. మద్రాసులో మద్రాస్ క్లబ్ 1832, కాస్మోపాలిటన్ క్లబ్ 1873. బరంపురం వాళ్ళకి ఫలక్‌నుమా ఎక్కితే ఇటు సికింద్రాబాదూ అటు హౌరా, కోరమాండల్ ఎక్కితే మద్రాసు, ఏ వైపైనా ఒకటే దూరం లాగ అనిపిస్తాది గానీ లెక్కేసుకోండి, పోయిన మూడేళ్ళలో ఏ ఊళ్ళో ఎక్కువ రాత్రులు పడుకున్నారో ఆ ఊరే మీ ఊరు.

ఇవన్నీ వందేళ్ళు దాటిన క్లబ్బులు కాబట్టి చెప్పాను. ప్రతి సిటీలో తర్వాత వచ్చినవి, చేరడానికి తేలికైనవి చాలా ఉన్నాయి, వాటిని చిన్నచూపు చూడకండి.

డబ్బుంటే చాలదా?

చాలదు. పాత క్లబ్బుల్లో ముందు మనిషి కావాలి, డబ్బు తర్వాత. ఇప్పటికే మెంబర్‌గా ఉన్న ఒకాయన మిమ్మల్ని ప్రపోజ్ చెయ్యాలి, అంటే మీ పేరు ప్రతిపాదించాలి, ఇంకొకాయన సెకండ్ చెయ్యాలి, అంటే బలపరచాలి. కొన్నిచోట్ల వాళ్ళిద్దరూ మెంబర్లై ఇన్నేళ్ళు నిండి ఉండాలని, ఏడాదికి ఇంతమందినే ప్రపోజ్ చెయ్యాలని రూలుంటాది. వీళ్ళు కాక ఇంకొంతమంది మెంబర్లు మీకు సపోర్టుగా సంతకాలు పెట్టాలని అడిగే క్లబ్బులు కూడా ఉన్నాయి.

దయచేసి ఒక్కటి అర్థం చేసుకోండి, ఆ సంతకం అంటే ఆయన తన పరువు మీ చేతిలో పెడుతున్నాడు. రేపు మీరు బిల్లు ఎగ్గొట్టినా, వెయిటర్ మీద అరిచినా ముందు తలొంచుకునేది ఆయన. అందుకే మొహమాటపెట్టి సంతకం పెట్టించుకోకండి. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు మధ్యన మాటిచ్చిన పెద్దమనిషిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటామో ఈయన్నీ అలగే చూసుకోవాలి.

మాకు సిటీలో మెంబర్లెవరూ తెలీదండి, మరి ఎలగ?

అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. కానీ కాసేపు కూర్చుని ఆలోచిస్తే మనకి తెలిసినవాళ్ళు ఉంటారు, మనకే గుర్తురారు. మన సంబంధాలన్నీ శ్రీకాకుళం, విజయనగరం, వైజాగ్ వైపే కదా, వియ్యంకుల వైపు ఒక లాయరో డాక్టరో రిటైరైన ఆఫీసరో ఉండే ఉంటారు. మీకు సరుకిచ్చే హోల్‌సేల్ ఆయన, మీ ఆడిటర్ గారు, ఆంధ్రా యూనివర్సిటీలో మీతో చదివినవాళ్ళు, రోటరీ లయన్స్ మీటింగుల్లో కలిసినవాళ్ళు, ఇలగ ఒక కాగితం మీద రాసుకోండి. ఆంధ్రా యూనివర్సిటీ అంటే మనకి పరాయిది కాదు, జయపురం మహారాజా విక్రమ్‌దేవ్ వర్మ గారు దానికి ఎంత విరాళం ఇచ్చారో అందరికీ తెలుసు, అక్కడ చదువుకున్న ఒడిశా తెలుగోళ్ళు ప్రతి తరంలోనూ ఉన్నారు.

రాసుకున్నాక నేరుగా సంతకం అడగకండి. ముందు గెస్టుగా ఓసారి తీసుకెళ్ళమనండి. "సార్, క్లబ్బు ఎలగుంటాదో మా ఆవిడకీ నాకూ ఓసారి చూడాలనుంది, మీకు వీలైనప్పుడు మీతో వస్తాం" అంటే ఎవరూ కాదనరు. గెస్టు బిల్లు మెంబర్ ఖాతాలోనే పడతాది, మీరు అక్కడ డబ్బులు కట్టడానికి లేదు, కాబట్టి వెళ్ళిన ప్రతిసారీ ఆయన చేత ఖర్చు పెట్టించకుండా మీరు ఇంకోచోట భోజనానికి పిలవడం మర్యాద. అలగ కలుస్తూ ఉంటే ఇంకో నలుగురు పరిచయమవుతారు. ఒక ఏడాది పోయాక ఆయనే అడుగుతాడు, అప్లై చేస్తారా అని. ఆయనకై ఆయనే అడగాలి, అప్పుడే ఆ సంతకానికి బలం.

ఒకాయన ఇంత ఇస్తే లైన్ దాటించి మెంబర్‌షిప్ ఇప్పిస్తానంటున్నాడు, నమ్మొచ్చా?

వద్దు. వద్దే వద్దు. అడ్మిషన్ ఫీజు చెక్కో ఆన్‌లైనో క్లబ్బు అకౌంట్‌లోకే వెళ్ళాలి, రసీదు క్లబ్బు పేరు మీదే రావాలి. మనిషి చేతికి ఇచ్చిన డబ్బుకి లెక్కుండదు. పైగా ఆ సంగతి కమిటీకి తెలిస్తే మీ ఫారంతో పాటు సంతకం పెట్టిన మెంబర్లకి కూడా ఇబ్బందే. మన వైపు ఇలగ పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి, పరువు పోతాదని బయటికి చెప్పుకోలేదు పాపం.

ఇంకోటి, హోటల్లో టీ పార్టీకి పిలిచి, గిఫ్ట్ వోచర్ ఇచ్చి, ఇరవై ఏళ్ళ హాలిడే మెంబర్‌షిప్ అంటగట్టేవాళ్ళు వేరే. అది క్లబ్బు కాదు, అక్కడ మీరు కస్టమరే, ఓటు హక్కుండదు.

ఫారంలో మన వాళ్ళకి ఎక్కడ ఇబ్బందొస్తాది?

పేర్ల దగ్గర. ఒడియా స్కూల్లో చదివిన మనోళ్ళకి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఎగిరిపోయి చివరి రావు కాస్తా సర్‌నేమ్ అయిపోయి ఉంటాది, ఆధార్‌లో పొడి అక్షరం, పాన్‌లో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్ట్‌లో ఇంకోలాగ. క్లబ్బు వాళ్ళకి ఇదంతా తెలీదు, వేర్వేరు మనుషులనుకుంటారు. ముందే పాన్ ప్రకారం ఒకటి ఖాయం చేసుకుని మిగతావి సరిచేయించుకోండి, కుదరకపోతే ఇద్దరూ ఒకరే అని నోటరీ అఫిడవిట్ జత చెయ్యండి. ఒడియాలో ఉన్న కాగితాలకి తర్జుమా కూడా పెట్టండి. భార్య పేరు, పిల్లల పుట్టిన తేదీలు ఫారంలో మొదటిసారే పక్కాగా రాయండి, ఎందుకంటే ఇరవై ఏళ్ళ తర్వాత పిల్లల మెంబర్‌షిప్పుకి ఆ ఫారమే చూస్తారు.

అడ్రస్ విషయంలో అబద్ధం వద్దు. వైజాగ్‌లో బావమరిది ఇంటి అడ్రస్ రాసేస్తే పనైపోతాదని కొందరు అంటారు. బయట ఊరి వాళ్ళకి అవుట్‌స్టేషన్ అనో మొఫసిల్ అనో వేరే కేటగిరీ ఉండే క్లబ్బులున్నాయి, అందులో నెల చందా కూడా తక్కువ ఉండొచ్చు, అది ఉందేమో ముందు అడగండి.

ఎన్నాళ్ళు పడతాది?

కొత్త క్లబ్బైతే నెలల్లో అవుతాది. పేరున్న పాతవాటిలో ఏళ్ళు, కొన్నిచోట్ల పదుల ఏళ్ళు. ఢిల్లీ జింఖానా 1913 నాటిది, అక్కడ మామూలు జనానికి ముప్పై ఏళ్ళ పైన వెయిటింగ్ అని పేపర్లలో చాలాసార్లు వచ్చింది, ఆ క్లబ్బు నడిపే తీరు మీద కేసు నడిచి 2022 ఏప్రిల్‌లో కంపెనీ లా ట్రిబ్యునల్ పాలనని కేంద్రం నియమించే డైరెక్టర్ల చేతిలో పెట్టమంది. వెయిటింగ్ లిస్టు అంటే ఏటో తెలియాలంటే ఆ కథొక్కటి చాలు. వెయిటింగ్‌లో ఉండగా ఎంత డబ్బు కట్టించుకుంటారు, మధ్యలో వద్దనుకుంటే వెనక్కిస్తారా, ఈ రెండూ కాగితం మీద చూసుకోకుండా సంతకం పెట్టకండి.

ఇంటర్వ్యూలో ఏమడుగుతారు? ఇంగ్లీష్ బాగా రావాలా?

భార్యాభర్తలిద్దర్నీ రమ్మంటారు ఎక్కువగా. ఏం చేస్తారు, ఎందుకు చేరాలనుకుంటున్నారు, ఏ ఆట ఆడతారు, ప్రపోజర్ మీకెలగ తెలుసు, అంతే. అందులో చివరి ప్రశ్నే అసలైంది. తెలిసినాయనైతే తడుముకోకుండా చెప్తారు, కొత్తగా పరిచయమైనాయనైతే అక్కడే దొరికిపోతారు.

ఇంగ్లీష్ గురించి భయపడకండి. వైజాగ్, హైదరాబాద్‌లో తెలుగులో మాట్లాడితే ఎవరూ తప్పు పట్టరు, కలకత్తాలో హిందీతో నెట్టుకురావచ్చు. మనకి తెలుగు, ఒడియా, హిందీ మూడూ వచ్చు, అది తక్కువేం కాదు. మీ ఆవిడ మాట్లాడుతుంటే మధ్యలో అందుకోకండి, ఆవిణ్ణి ఆవిడ మాట్లాడనివ్వండి, కమిటీ వాళ్ళు అది గమనిస్తారు.

బ్లాక్ బాల్ అంటే?

పాతకాలంలో మెంబర్లు రహస్యంగా పెట్టెలో బంతులు వేసేవారు, తెల్లది వేస్తే సరే, నల్లది వేస్తే వద్దు. ఇప్పుడు చాలాచోట్ల బ్యాలెట్ పేపరో కమిటీ ఓటో ఉంది, మాట మాత్రం మిగిలిపోయింది. కొద్దిమంది వద్దన్నా ఆగిపోతాది, కారణం చెప్పరు. అందుకే అప్లికెంట్ల ఫోటోలు నోటీస్ బోర్డులో పెట్టిన రోజుల్లో మీ గురించి చెప్పే నలుగురు లోపల ఉండాలి.

మొత్తం ఎంతవుతాది?

అంకె చెప్పలేను, వేల నుంచి లక్షల దాకా, ఇంకా పైకీ ఉంది. కానీ ఏమేం కట్టాలో చెప్తాను, ఎందుకంటే చాలామంది అడ్మిషన్ ఫీజు ఒక్కటే చూసి దిగిపోతారు. అది ఒకసారి కట్టేది, సాధారణంగా వెనక్కి రాదు. తర్వాత ప్రతి నెలా చందా, మీరు వెళ్ళినా వెళ్ళకపోయినా. కొన్నిచోట్ల నెలకి ఇంత తినాలి అని మినిమమ్ బిల్లింగ్, తినకపోయినా కట్టాలి, బరంపురంలో కూర్చున్నవాళ్ళకి ఇది దండగ. డెవలప్‌మెంట్ ఫండ్ అని అప్పుడప్పుడు. ఆటలకి, గదులకి, లాన్‌కి విడిగా.

అడ్మిషన్ ఫీజు, చందాల మీద 18 శాతం జీఎస్టీ ఉంటాది, అడ్మిషన్ ఫీజు ఐదు లక్షలైతే టాక్సే తొంభై వేలు, ముందే లెక్కలో వేసుకోండి. మెంబర్లు తమకి తామే ఇచ్చుకునేదానికి పన్నేంటి అని కలకత్తా క్లబ్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2019 అక్టోబర్‌లో గెలిచింది, అది పాత సేల్స్ టాక్స్, సర్వీస్ టాక్స్ మీద. ఆ తర్వాత 2021 ఫైనాన్స్ చట్టంలో కేంద్రం జీఎస్టీ చట్టాన్నే మార్చి క్లబ్బు వేరు మెంబర్లు వేరు అని రాసేసింది, అదీ 2017 జూలై నుంచి వర్తించేలాగ. బ్యాంకు డిపాజిట్ల మీద వడ్డీకి కూడా క్లబ్బులు ఇన్‌కమ్ టాక్స్ కట్టాల్సిందే అని 2013లో బెంగళూరు క్లబ్ కేసులో తేలిపోయింది. ఈ భారమంతా తిరిగి మెంబర్ల మీదే పడతాది కదా, చందాలు ఎందుకు పెరుగుతున్నాయో అర్థమవుతాది.

నా మాట, ఈ డబ్బు పిల్లల చదువు డబ్బులోంచో షాపు పెట్టుబడిలోంచో తీయాల్సొస్తే ఆగండి.

పంచె కట్టుకుని వెళ్ళొచ్చా?

క్లబ్బు రూలు చూడాలి. చెప్పులు, కాలర్ లేని టీషర్టు, షార్ట్స్ చాలాచోట్ల డైనింగ్ హాల్లోకి రానివ్వరు. పంచె విషయంలో మద్రాసులో పెద్ద గొడవైంది, 2014 జూలైలో హైకోర్టు జడ్జి గారు ఒకరు పుస్తకావిష్కరణకి పంచె కట్టుకుని వెళ్తే క్రికెట్ సంఘం క్లబ్బులో ఆపేశారు. అసెంబ్లీలో గోలయ్యి, ఆ ఏడాదే జయలలిత గారి ప్రభుత్వం పంచె కట్టుకున్నవాళ్ళని ఆపకూడదని చట్టం చేసింది. అది తమిళనాడు చట్టం, వైజాగ్‌కో కలకత్తాకో వర్తించదు. మన నాన్నలూ తాతలూ పంచెలోనే కోర్టుకీ కచేరీకీ వెళ్ళారు, ఆ బట్టకి మర్యాద లేదనే రూలు ఎక్కడున్నా తప్పే, మెంబరయ్యాక జనరల్ బాడీలో లేచి మాట్లాడండి.

ఆడవాళ్ళు సొంతంగా మెంబర్లు కావొచ్చా?

ఇప్పుడు చాలాచోట్ల కావొచ్చు. కలకత్తా క్లబ్బులోనే ఆడవాళ్ళకి 2007 దాకా మెంబర్‌షిప్ లేదు. అప్లై చేసేటప్పుడే భర్త తర్వాత భార్యకి మెంబర్‌షిప్ వస్తాదా, మళ్ళీ ఫీజు కట్టాలా, ఓటుంటాదా అన్నది అడిగి తెలుసుకోండి. ఇంటి పెద్ద పోయాక ఆ ఇల్లాలు కార్డు పట్టుకుని గేటు దగ్గర బతిమాలుకునే పరిస్థితి రాకూడదు. వ్యాపారం ఆవిడ పేరు మీద ఉంటే అసలు మెంబర్‌షిప్ ఆవిడ పేరు మీదే తీసుకోండి.

పిల్లలకి వస్తాదా?

డిపెండెంట్‌గా కొంత వయసు దాకా వస్తారు, 21 అనో 25 అనో క్లబ్బుని బట్టి. ఆ వయసు దాటేలోపు వాళ్ళు సొంతంగా అప్లై చెయ్యాలి, మెంబర్ల పిల్లలకి ఫీజులోనో లైన్లోనో సౌకర్యం ఉంటాది. ఆ తేదీ దాటితే మామూలు లైన్లో నిలబడాల్సిందే, క్యాలెండర్లో రాసి పెట్టుకోండి.

అఫిలియేటెడ్ క్లబ్ అంటే? అది మనకి పనికొస్తాదా?

మనలాంటోళ్ళకి అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. ఒక క్లబ్బులో మెంబరైతే దానితో ఒప్పందం ఉన్న వేరే ఊళ్ళ క్లబ్బుల్లో కూడా గది, భోజనం దొరుకుతాది. అంటే పెద్ద పేరున్న క్లబ్బు కోసం ముప్పై ఏళ్ళు లైన్లో నిలబడక్కర్లేదు, దగ్గర్లో చేరగలిగిన ఒక మంచి క్లబ్బులో చేరి దాని ద్వారా కలకత్తా, మద్రాసు, హైదరాబాద్‌లో ఉండొచ్చు. అందుకే నేను అందరికీ ముందు అఫిలియేషన్ లిస్టు అడగమంటాను. ఆ లిస్టులో మీరు వెళ్ళే ఊళ్ళున్నాయా? ఉంటే ఆ ఒప్పందం ఇప్పటికీ నడుస్తోందా? ఎందుకంటే లిస్టులో పేరుండి ఒప్పందం ఆగిపోయినవి ఉంటాయి.

వెళ్ళేముందు మీ క్లబ్బు నుంచి పరిచయ లెటర్ తీసుకోవాలి, గది మీ క్లబ్బు ఆఫీసు ద్వారా బుక్ చేస్తే త్వరగా అవుతాది. డబ్బు అక్కడికక్కడే కట్టెయ్యాలి. ఏడాదికి ఇన్ని రోజులే అని పరిమితి ఉంటాది, పెళ్ళిళ్ళ సీజన్లో వాళ్ళ మెంబర్లకే ముందు. అదే ఊళ్ళో కాపురముంటే మాత్రం అఫిలియేషన్ పనిచేయదు చాలాచోట్ల, కాబట్టి కొడుకు హైదరాబాద్‌లో ఉంటూ మీ వైజాగ్ కార్డు మీద అక్కడ రోజూ ఆడుకుంటానంటే కుదరదు.

పేకాట ఆడితే పోలీసులు వస్తారా?

రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటే అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే. కానీ తర్వాత తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో గేమింగ్ చట్టాలు కఠినం చేశాయి. డబ్బు పెట్టి ఆడకండి, మూడు ముక్కలాట జోలికి అసలే వద్దు.

బిల్లు కట్టకపోతే?

ముందు నోటీసు, తర్వాత నోటీస్ బోర్డులో పేరు, ఆ తర్వాత మెంబర్‌షిప్పే పోతాది. బెంగళూరు క్లబ్ 1899 మినిట్స్‌లో, అంటే మీటింగ్ రికార్డులో, విన్‌స్టన్ చర్చిల్ 13 రూపాయలు బాకీ అని ఇప్పటికీ ఉంది. ఆటో డెబిట్ పెట్టీసుకోండి, మన వైపు నుంచి నెలనెలా గుర్తుపెట్టుకోవడం కష్టం.

బోర్డర్ వాళ్ళమని చిన్నచూపు చూస్తారా?

ఎక్కడో ఒకరిద్దరు ఉండొచ్చు. ఆంధ్రాలో ఒడిశా వాళ్ళంటారు, ఒడిశాలో ఆంధ్రా వాళ్ళంటారు, 1936 ఏప్రిల్‌లో ఒడిశా కొత్త రాష్ట్రంగా ఏర్పడినప్పటి నుంచీ మనం ఇది పడుతూనే ఉన్నాం. కానీ ఈ క్లబ్బుల చరిత్ర చూడండి, బెంగాల్ క్లబ్ 1959 దాకా భారతీయుల్నే మెంబర్లుగా చేర్చుకోలేదు. సర్ రాజేంద్రనాథ్ ముఖర్జీ అంతటి ఇంజినీరుని అక్కడ భోజనానికి కూడా రానివ్వలేదని, ఆ అవమానంలోంచే కలకత్తా క్లబ్ పుట్టిందని చెప్తారు. బొంబాయిలో విల్లింగ్డన్ క్లబ్ 1918లో తెల్లవాళ్ళనీ మనవాళ్ళనీ కలిపి చేర్చుకోవడానికే పెట్టారు. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు రాష్ట్రపతి అయ్యారు. తల దించుకునే పనేం లేదు, ఊరి పేరు గట్టిగా చెప్పండి.

వదిలెయ్యాలంటే?

రాజీనామా రాతపూర్వకంగా ఇవ్వాలి, అప్పటిదాకా చందా పడుతూనే ఉంటాది. బాకీలు కట్టేసి, కార్డులన్నీ, పిల్లలవి కూడా, తిరిగిచ్చి రసీదు తీసుకోండి, రిఫండబుల్ డిపాజిట్ ఉంటే అడగండి. కొన్నాళ్ళు విదేశాల్లో పిల్లల దగ్గర ఉండటానికి వెళ్తున్నామంటే రాజీనామా అక్కర్లేదు, యాబ్సెంట్ మెంబర్‌గా మార్చమని వెళ్ళకముందే లెటర్ పెట్టండి, వెళ్ళాక పెడితే ఒప్పుకోని క్లబ్బులున్నాయి. ఆ లెటర్ కాపీ మీద ఆఫీసు స్టాంపు వేయించుకోండి.